కర్చీఫ్ గడువు

నా భార్య జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడినవాళ్లంతా ఆమె ఓర్పు గురించి, ప్రార్థన గురించి, చివరి నెలల్లో నొప్పిని భరించిన తీరు గురించి చెప్పారు. అవన్నీ నిజమే. పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి, వచ్చినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను. వెనక వరసల్లో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను ఎవరూ మాట్లాడమనలేదు. ఆమె పని గురించి ఆ రోజు ఒక్క మాట కూడా వినబడలేదు.

కొన్ని వారాల తర్వాత, ఆమె పేరు మీద ఉన్న ఖాతాలవీ నా పేరుకు మార్పించే పని మొదలుపెట్టాను. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే. ఒక వెబ్‌సైట్‌లో లాగిన్ అయి పొడుగాటి దరఖాస్తు నింపుతూ, మరణ ధ్రువపత్రం ఎక్కడ పెట్టానో వెతుకుదామని లేచాను. తిరిగొచ్చి బటన్ నొక్కితే, మీ సెషన్ గడువు ముగిసింది అని వచ్చింది. రాసిందంతా పోయింది. ముందుగా ఒక హెచ్చరిక కూడా లేదు. ఆమె ఉంటే ఆ తెర చూసి, "తీసేసే ముందు అడగాలి కదా, ఎవరిదమ్మా ఈ కర్చీఫ్ అని!" అనేది.

ఈ మాట మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఒక డెమో క్లాసు గురించి చెప్పాలి. కూడికలో నేను చెప్పవలసింది అదే.

లాగిన్ అయ్యాక వెబ్‌సైట్ మనల్ని కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. దాన్నే సెషన్ అంటారు. ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలన్నది దాన్ని రాసినవాళ్లు నిర్ణయిస్తారు. నాకు తెలిసింది ఇంతే, ఇది కూడా ఆమె దగ్గర విన్నదే. నేను లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. పుస్తకాలు చదువుతాను. కంప్యూటర్ అవసరమైనంతే.

ఆమె మొదట సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే చేసింది. కంపెనీ పంజాగుట్టలో ఉన్నన్నాళ్లు మా ఇంటి నుంచి నడిచి వెళ్లేది. ఆఫీసు నగరం అవతలి చివరకు మారినప్పుడు మానేసి, శ్రీనగర్ కాలనీలో ఒక బడిలో కంప్యూటర్ టీచరుగా చేరింది. చిన్నపిల్లలకు మౌస్ పట్టుకోవడం, బొమ్మలు గీయడం నేర్పేది. ఏళ్లు గడిచాయి. ఒక వేసవి సెలవుల్లో భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, వదిలేసిన జావా ప్రోగ్రామింగును మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. తను వదిలేసినప్పటికీ ఇప్పటికీ చాలా మారిపోయాయనేది. మార్పు గురించి ఫిర్యాదు చేయలేదు. కూర్చుని చదివింది.

సెలవులు అయ్యేసరికి అమీర్‌పేటలో ఒక శిక్షణా సంస్థకు వెళ్లి, వెబ్ అప్లికేషన్లు రాయడం నేర్పుతానని అడిగింది. దాని యజమాని గుంటూరు వైపు మనిషి. ఆయన మర్యాదగానే చెప్పాడట. "మీకు విషయం తెలుసు మేడమ్, కాదనను. కానీ ఇక్కడికొచ్చే పిల్లలు పాతికేళ్ల కుర్రాడు చెబితేనే కొత్త విషయం అనుకుంటారు. ఒక డెమో ఇవ్వండి. వాళ్లకి నచ్చి క్లాసు నిండితే పొద్దున బ్యాచ్ మీది. నిండకపోతే ఏమీ అనుకోకండి."

అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదట డెమో ఉంటుంది. డబ్బు కట్టకుండా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నచ్చకపోతే మధ్యలోనే లేచి పక్క గదిలో ఇంకొకరి డెమోకు పోవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు, చెప్పేవాళ్లు తప్ప.

ఆమె అప్పటికే బడికి రాజీనామా ఇచ్చేసింది. "ఇది కుదరకపోతే?" అని అడిగాను.

"కుదరకపోతే ఇంట్లో ఉంటాను. మళ్లీ బడికి మాత్రం వెళ్లనండీ. నాకు వచ్చిన పని ఇది. ఇది చేయకుండా ఇన్నేళ్లు ఉన్నాను, చాలు."

డెమో రెండో శనివారం పడింది. నాకు ఆఫీసు లేదు. నేనూ రానా అని అడిగాను. "రండి. చివర్లో కూర్చోండి. తల మాత్రం ఊపకండి. మీరు తల ఊపితే నేను మీకు చెబుతున్నానేమో అనుకుని క్లాసు మర్చిపోతాను."

పంజాగుట్ట నుంచి మెట్రో లైను కిందుగా నడిచి వెళ్లాం. గది మూడో అంతస్తులో ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్ల బోర్డు, గోడ మీద తెర. నేను చివరి వరసలో మూల కుర్చీలో కూర్చున్నాను. నా పక్క కుర్చీలో నీలం గళ్ల కర్చీఫ్ పరిచి ఉంది. ఇక్కడ పిల్లలు తెల్లవారగానే వచ్చి కర్చీఫో, హెల్మెట్టో వేసి కిందికి పోయి టిఫిను తిని వస్తారు. బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునేవాళ్లకు ఇదేమీ వింత కాదు.

గది నిండుతుంటే ఒకతను వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కర్చీఫ్ వంక చూశాడు. మళ్లీ చూశాడు. చివరికి దాన్ని తీసి కుర్చీ వెనక వేలాడదీసి కూర్చున్నాడు.

"ఎవల్దో గానీ, మస్తు సేపైంది," అన్నాడు నాతో. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అంకుల్, మీరు సుత నేర్సుకుంటుండ్రా?"

"చూద్దామని వచ్చాను."

"మంచిగుంది. మా నాయనకు ఫోన్ ఎత్తుడు సుత రాదు. బోరబండ నుంచి నేను బస్సెక్కినంక అమ్మే నాకు ఫోన్ జేస్తది."

ఆమె లోపలికి వచ్చింది. డెమో కోసం ఒక చిన్న లైబ్రరీ అప్లికేషన్ రాసుకుంది. మా ఇంటి అలమారలోని పుస్తకాలే అందులో పెట్టింది. లాగిన్ అయ్యి, పుస్తకాల జాబితా చూపించి, బోర్డు వైపు తిరిగి రెండు గళ్లు గీసింది. ఒకటి బ్రౌజర్, ఒకటి సర్వర్. వాటి మధ్య మాటలు ఎలా నడుస్తాయో చెప్పింది. గొంతు బాగుంది. నేను తల ఊపకుండా కూర్చున్నాను. ఆమె తిరిగి వచ్చి ఒక పుస్తకం పేరు మీద క్లిక్ చేసింది.

తెర మీద లాగిన్ పేజీ వచ్చింది.

"ఒక్క క్షణం," అని మళ్లీ లాగిన్ అయింది. ముందు వరసలో ఒకమ్మాయి ఏదో అడిగితే జవాబు చెప్పి, మళ్లీ క్లిక్ చేసింది. మళ్లీ లాగిన్ పేజీ.

"మేడమ్‌ను సుత గుర్తుపడ్తలేదు!" అని ఎవరో అన్నారు. గదంతా నవ్వింది. తలుపు దగ్గర కూర్చున్న ఇద్దరు లేచి బయటికి పోయారు. వాళ్లు పోయిన చోట యజమాని నిలబడి ఉన్నాడు.

"ఏంటి మేడమ్, ఇంట్లో చూసుకోలేదా?" నెమ్మదిగానే అన్నాడు. కానీ నాదాకా వినబడింది.

"చూసుకున్నానండీ. ఇంట్లో బాగానే ఉంది," అంది ఆమె. కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడిచింది. ఇంట్లో లెక్క తేలనప్పుడు అలాగే చేస్తుంది. ఇంకొందరు సంచులు సర్దుకుంటున్నారు.

అప్పుడే కర్చీఫ్ మనిషి వచ్చాడు. చేతిలో సగం తాగిన టీ కప్పు. నేరుగా మా వరసలోకి వచ్చి బోరబండ కుర్రాడి ముందు నిలబడ్డాడు.

"ఏంటన్నా, ఇది నా సీటు. కర్చీఫ్ వేసి వెళ్లాను."

"ఎప్పుడేసినవ్ భాయ్? నిన్ననా?"

"టిఫిన్‌కి వెళ్లాను, అంతే."

"టిఫిన్ ఏడ తిన్నవ్, విజయవాడలనా?"

మళ్లీ నవ్వులు. ఈసారి ఆమె మీద కాదు. అతను కుర్చీ వెనక నుంచి కర్చీఫ్ లాక్కుని, "సీటు మీద ఉన్న కర్చీఫ్ తీసేయడం ఏం పద్ధతి?" అన్నాడు. ఇతను, "ఖాళీ కుర్సీకి పారా కాసుడు ఏం పద్ధతి?" అన్నాడు. యజమాని లోపలికి ఒక అడుగు వేశాడు.

"ఆగండి, ఇద్దరూ ఆగండి," అంది ఆమె. కళ్లద్దాలు పెట్టుకుంది. "ముందు ఇది తేల్చుదాం. సీటు మీద వేసిన కర్చీఫ్ ఎంతసేపు చెల్లుతుంది?"

"సినిమా టైటిల్స్ పడేదాకా!"

"బస్సు కదిలేదాకా!"

"అన్న టిఫిన్ అయ్యేదాకా!"

"అలా కాదు. ఒక అంకె చెప్పండి."

పది నిమిషాలన్నారు, పావుగంటన్నారు. గొడవపడి చివరికి పది నిమిషాల దగ్గర ఆగారు. సంచులు సర్దుకుంటున్నవాళ్లు సర్దడం మానేశారు.

"పది దాటింది. ఇప్పుడు కర్చీఫ్ ఎవరు తీయాలి?"

"కూసునేటోడు," అన్నాడు బోరబండ కుర్రాడు.

"నువ్వు తీస్తే పది నిమిషాలు కాలేదని అతనంటాడు. అతని గడియారం వేరు, నీ గడియారం వేరు."

"అయితే కండక్టర్ తియ్యాలె."

"అదీ. గడియారం కండక్టర్ దగ్గరుండాలి." బోర్డు మీద సర్వర్ అని రాసిన గడిని చూపించింది. "కర్చీఫ్ వేసేది బ్రౌజర్. తీసేది సర్వర్. వేసినవాడి గడియారాన్ని నమ్మకూడదు. మా చర్చిలో క్రిస్మస్ ఆరాధనకు బైబిల్ పెట్టి సీటు ఆపుతారు. ఆ మనిషి రాకపోయినా బైబిల్‌ను తీయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. గడువు లేని సెషన్ అంటే అది."

నేను నవ్వాను. మా వరసలో ఆ బైబిల్ పెట్టేది మా మేనత్త.

"ఎంత గడువు పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఆ సీటు ఇంకొకడు ఆక్రమిస్తే ఎవరికి ఎంత నష్టమో చూడండి. బ్యాంకు అయితే ఐదు నిమిషాలు కూడా ఎక్కువే. ఇది పుస్తకాల జాబితా. అరగంట ఇచ్చినా కొంప మునగదు. ఇంకొకటి. తీసేసే ముందు ఒకసారి అడగాలి, ఎవరిదమ్మా ఈ కర్చీఫ్ అని. సగం ఫారం నింపి టీకి పోయినవాడు తిరిగొచ్చి ఏడవకూడదు."

ఇందాక ప్రశ్న అడిగిన ముందు వరస అమ్మాయి మళ్లీ చెయ్యెత్తింది. "మేడమ్, ఒకడు ప్రతి తొమ్మిది నిమిషాలకీ వచ్చి కర్చీఫ్ సవరించి వెళ్లిపోతుంటే? సీటు రోజంతా వాడిదేనా?"

నా భార్య ముఖం మారింది. మంచి పుస్తకం దొరికినప్పుడు నా ముఖం అలా మారుతుందని ఆమే అనేది. "రోజంతా వాడిదే. ప్రతి క్లిక్‌కూ లెక్క మళ్లీ మొదలవుతుంది కాబట్టి. అందుకని రెండో గడువు కావాలి, ఎన్నిసార్లు సవరించినా సాయంత్రానికి లేవాల్సిందే అని. దానికి ఈ సర్వర్‌లో రెడీమేడ్ సెట్టింగ్ లేదు. లాగిన్ అయిన సమయాన్ని దాచుకుని మనమే రాయాలి." ఎలాగో బోర్డు మీద రాసి చూపించింది.

తర్వాత ఆమె చేసిన పనే నేను చెప్పాలనుకున్నది. అంతటితో ఆగి ఉంటే క్లాసు ఆమె చేతిలో ఉంది. తెగిన సెషన్ సంగతి అందరూ మర్చిపోయారు. ఆమె మర్చిపోనివ్వలేదు.

"ఇప్పుడు నా కర్చీఫ్‌ను నిమిషానికే ఎందుకు తీసేశారో చూద్దాం," అని సెట్టింగుల ఫైలు తెర మీద తెరిచింది. ఒక వరస దగ్గర ముప్పై అనే అంకె ఉంది. దాని మీద కర్సర్ పెట్టింది. "తప్పు నాదే," అంది. "నేను ఈ పని నేర్చుకున్న రోజుల్లో ఇలాంటి చోట అంకె రాస్తే నిమిషాలని అర్థం. అలవాటు కొద్దీ ముప్పై అని రాశాను. ఈ కొత్త పద్ధతిలో పక్కన ఏమీ రాయకపోతే సెకన్లు. నిమిషంలోపు గడువు ఈ సర్వర్ పెట్టదు, కాబట్టి ముప్పై సెకన్లను నిమిషం చేసుకుంది. ఇంట్లో ఎందుకు దొరకలేదంటే, పరీక్ష చేస్తున్నంతసేపూ నేను క్లిక్ చేస్తూనే ఉన్నాను. ఆగి చూడలేదు. ఇక్కడ బోర్డు వైపు తిరిగాను, దొరికిపోయింది."

యజమాని తల దించుకుని ఫోను చూసుకుంటున్నాడు. పాతకాలం మనిషి అని ఆయన మనసులో ఉన్నదాన్ని ఆమె తన నోటితోనే క్లాసుకు చెప్పినట్టయింది.

ముప్పై తీసి, రెండు అని వేసి, పక్కన నిమిషాల గుర్తు పెట్టింది. సర్వర్‌ను మళ్లీ నడిపి లాగిన్ అయింది. "ఇప్పుడు ఎవరమూ ముట్టుకోం," అని చేతులు కట్టుకుని నిలబడింది.

డెమోలో చెప్పేవాళ్లు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతారు. ఆగితే జనం లేచిపోతారని భయం. ఆమె ఊరికే నిలబడింది. కింద ఆర్టీసీ బస్సు హారన్, పక్క గదిలో ఇంకొకరి మైకు. నా పక్కన కుర్రాడు గోడ గడియారం చూస్తున్నాడు. కర్చీఫ్ మనిషి గోడకు ఆనుకుని అదే గడియారం చూస్తున్నాడు. నిమిషం దాటాక ఆమె క్లిక్ చేసింది. పుస్తకాలు వచ్చాయి.

"ఇందాక ఈపాటికి తీసేసింది. ఇప్పుడు ఉంచింది. కానీ నేను ముట్టుకున్నాను కాబట్టి లెక్క మళ్లీ మొదలు. ఈసారి రెండు నిమిషాలూ పూర్తిగా."

"మేడమ్, పని చేస్తుంది లెండి. నెక్స్ట్ టాపిక్‌కి వెళ్దాం," అన్నాడు యజమాని.

"చూడకుండా చెప్పలేనండీ."

మళ్లీ ఎదురుచూశాం. ఎవరూ లేవలేదు. రెండు నిమిషాలు దాటాక ఆమె మౌస్ మీద చెయ్యి వేసింది. లాగిన్ పేజీ వచ్చింది. ఇందాక నవ్వు పుట్టించిన పేజీయే. ఈసారి చప్పట్లు కొట్టారు.

"దీన్ని ముప్పై నిమిషాలు చేస్తున్నాను. అంతసేపు ఇక్కడ కూర్చోలేం. మీ దగ్గర కంప్యూటర్ ఉంటే మీరే ఇలాంటిది రాసి, ఆగి చూడండి," అని క్లాసు ముగించింది.

యజమాని ఆమె దగ్గరకు వచ్చాడు. "సోమవారం ఏడింటికి గది ఇస్తాను. ఎవరొస్తారో చూద్దాం," అన్నాడు. ఇంటికి నడుస్తుంటే ఆమె అంది, "తప్పు నాదేనని అందరి ముందూ చెప్పడం ఆయనకు నచ్చలేదు."

"చెప్పకుండా ఉండాల్సిందా?"

"చెప్పకపోతే వాళ్లు కూడా ముప్పై అనే రాస్తారు."

ఆదివారం చర్చిలో పాటలు పాడుతున్నప్పుడు కూడా ఆమె మనసు అక్కడ లేదు. సోమవారం నాకు ఆఫీసు పదింటికి. మెట్లదాకా వస్తానని చెప్పి, గదిదాకా వెళ్లాను. కౌంటర్ దగ్గర యజమాని ముఖంలో ఏమీ కనబడలేదు. "వెళ్లండి మేడమ్," అన్నాడు.

గదిలో ముందు వరస అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. నా భార్య తలుపు దగ్గరే ఆగిపోయింది. నేను ఆమె భుజం మీదుగా చూశాను. మనుషులు లేరు. కుర్చీలు మాత్రం ఒక్కటీ ఖాళీగా లేదు. కర్చీఫులు, హెల్మెట్లు, ఒక గొడుగు, ఎవరిదో టిఫిన్ డబ్బా.

"అందరూ కింద టీ దగ్గరున్నారు మేడమ్. పది నిమిషాల్లోపే వస్తామన్నారు," అంది ఆ అమ్మాయి.

ఆమె గడియారం చూసింది. బల్ల దగ్గరకు పోయి ల్యాప్‌టాప్ తెరిచింది. మెట్ల మీద అడుగుల చప్పుడు, మాటలు. ఒక్కొక్కరే వచ్చి ఎవరి గుడ్డ వాళ్లు తీసుకుని కూర్చున్నారు. బోరబండ కుర్రాడూ నీలం గళ్ల కర్చీఫ్ మనిషీ పక్కపక్కనే కూర్చున్నారు. నేను వెనక గోడకు ఆనుకుని ఉండడం చూసి కుర్రాడు, "ఏంది అంకుల్, కర్చీఫ్ ఏయలేదా?" అన్నాడు.

యజమాని తలుపులోంచి గదిని ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.

"ముప్పై నిమిషాలు ఆగి చూసినవాళ్లు ఎవరు?" అని అడిగింది ఆమె.

చేతులు లేచాయి. అన్నీ కాదు. చాలా లేచాయి.

"నేను చూశాను మేడమ్," అన్నాడు కర్చీఫ్ మనిషి. "మౌస్ ముట్టుకోకుండా అలాగే కూర్చున్నా. మా రూమ్మేట్ భయపడి, ఒరేయ్, నీకేమైనా అయిందా అని అడిగాడు."

"ముప్పై దాటాక?"

"లాగిన్ పేజీ వచ్చింది మేడమ్."

"మంచిది," అని ఆమె బోర్డు వైపు తిరిగింది. ఆ గదిలో ఆ తర్వాత ఎన్ని బ్యాచ్‌లు చెప్పిందో నేను లెక్కపెట్టలేదు. జబ్బు ముదిరి మెట్లు ఎక్కలేకపోయే వరకు చెప్పింది. ఆ మొదటి క్లాసు మాత్రం, లక్డీకాపూల్ బస్సుకు టైమయ్యే దాకా నిలబడి విన్నాను. తల ఊపవద్దని చెప్పింది. ఊపాను.